రెండు వేళ్ల సందు

మాది జీనుల దుకాణం. బోర్డు మీద అక్షరాలు అరచేయంత ఉంటాయి. అయినా వారానికి ఒక్కరైనా లోపలికొచ్చి నడుం కొలత చెప్పి జీన్సు ప్యాంటు అడుగుతారు. "నడుం కొలత మాకెందుకండీ, వీపు కొలత చెప్పండి, మీ గుర్రానిది" అంటాను. గుర్రం లేదంటారు. "అయితే మీకు కొలత లేదు, మాకు కొరత ఉంది" అని నేనే నవ్వుతాను. వాళ్లు నవ్వరు. మొహమాటానికి బెల్టొకటి కొనుక్కుని వెళ్లిపోతారు.

నిజానికి మేం బతుకుతున్నది ఆ మొహమాటం మీదే. బెల్టులు, భుజానికి తగిలించుకునే సంచులు, కుక్కల మెడపట్టీలు. పెద్ద జీను కుట్టి ఏడేళ్లయింది. గుర్రాలు పోయాయి, ఇంట్లో గుర్రు మాత్రం మిగిలిందని మా ఆవిడ అంటుంది. ఆ గుర్రు నాది.

ఈ పని నాకు నేర్పింది మా మేనత్త. తోలు పని నేర్పడానికి ముందు నా తోలు తీసింది. ఆవిడ చెప్పిన మొదటి పాఠమూ చివరి పాఠమూ ఒకటే, రెండు వేళ్లు. గుర్రానికి మెడ ముగిసి వీపు మొదలయ్యే చోట ఎముక కాస్త ఎత్తుగా ఉంటుంది. మూపు. జీను ఎక్కడ ఆనినా ఫర్వాలేదు గానీ మూపుకి తగలకూడదు. తగిలితే ఒరుసుకుంటుంది, ఒరుసుకుంటే పుండు పడుతుంది. అందుకని మూపు మీద రెండు వేళ్లు పట్టేంత సందు వదలాలి. బక్క గుర్రమైనా బలిసిన గుర్రమైనా రెండు వేళ్లే. నేను మరిచిపోయినప్పుడల్లా ఆ రెండు వేళ్లనీ మడిచి నెత్తిన మొట్టేది. ఇవాళ నా బట్టతల సరిగ్గా ఆ చోటునుంచే మొదలైంది.

ఆ వేళ్లు ఇప్పుడు ఒక్కొక్కటే ఆవిడవి కాకుండా పోతున్నాయి. నరాల జబ్బు. నొప్పి లేదు, వాపు లేదు. స్పర్శ మాత్రం పోతోంది. ముందు రెండు చేతుల చిటికెన వేళ్లూ మొద్దుబారాయి. మిగతావీ వరసగా పోతాయనీ, పోయినవి తిరిగి రావనీ డాక్టరు చెప్పాడు. ఆస్పత్రి మెట్లు దిగుతూ అత్త తన చిటికెన వేలికేసి చూసుకుని, "ఇది ముందే వెళ్లి మిగతావాటికి చోటు చూస్తోందిరా" అంది.

ఆ వారంలోనే, ఒక మధ్యాహ్నం, దుకాణం తలుపు సగం దించి ఉంది. కింద సందులోంచి వచ్చిన ఎండ నేల మీద పొడుగ్గా పడుకుని ఉంది. అందులో తోలు పొడి తేలుతోంది, ఎటు వెళ్లాలో తోచనట్టు. అత్త మైనం పట్టించిన దారాన్ని బొటనవేలి కింద నలుపుతూ కూర్చుంది.

"ఒరేయ్, నాకో చట్రం కావాలి."

చట్రమంటే జీను లోపల ఉండే కొయ్య. ముందో విల్లులాంటి కమాను, వెనకో కమాను, రెంటినీ కలుపుతూ వీపుకి అటొకటి ఇటొకటి పలకలు. మేకులు దిగేది దానిలోకే, తోలు సాగేది దాని మీదే. పైకి కనపడదు గానీ జీను మంచి చెడ్డలన్నీ దానివే. మా పెళ్లి కుదిర్చినవాళ్లు నా లోపలి చట్రం చూసి కుదిర్చారని నేనంటుంటాను. "అవును, పైతోలు చూసుంటే లేచి వెళ్లిపోయేవాళ్లు" అంటుంది మా ఆవిడ.

"ఎంతది కావాలత్తా?"

"పావు వంతుది. పెద్ద జీను నేనిక ఎత్తలేను. ఒళ్లో పెట్టుకుని కుట్టుకునేంతది చాలు."

"ఎవరికి?"

"పిచ్చుకకి."

"పిచ్చుకకి జీనేస్తే ఎగరడం మానేస్తుందేమో!"

అత్త నవ్వలేదు. కూర్చోమంది. అప్పుడు చెప్పింది.

అత్తకి పంతొమ్మిదేళ్లప్పుడు కుట్టిన మొదటి జీను ఒక బూడిదరంగు ఆడ గుర్రానిది. గెంతుతూ నడుస్తుందని దానికి పిచ్చుక అని పేరు. మొదటి జీను కదా, తొందర. రెండు వేళ్ల చోట ఒక వేలు సందే మిగిలింది. తెలుసు, అయినా సరిపోతుందిలే అనుకుంది. పది రోజులకి మూపు మీద పుండు పడింది. జీను విప్పి మళ్లీ కుడదామని ఈవిడ కుట్లన్నీ ఊడదీసి కూర్చుంటే, గుర్రం యజమాని ఊరు మారాడు. గుర్రమూ వెళ్లిపోయింది.

"వెళ్తూ వెళ్తూ నా చెయ్యి నాకిందిరా. పుండు చేసింది ఆ చెయ్యేనని దానికి తెలియదు కదా."

దారాన్ని మళ్లీ మైనం మీద లాగింది.

"దాని వీపు ఇంకా నా చేతుల్లో ఉంది. ఈ వేళ్లున్నంతవరకే ఉంటుంది. అవి పోయేలోపల దానికి సరైన జీను కుట్టాలి. తెచ్చిపెడతావా?"

తెస్తానన్నాను. ఒక చిన్న చెక్క ముక్క ఎంత పని అనుకున్నాను. చెక్క ముక్కలాగే ఎండిపోయాను.

మర్నాడు అత్త కుండల మట్టి అడిగింది. తెచ్చి బల్ల మీద వేస్తే నాలుగు రోజులు కళ్లు మూసుకుని పిసికింది. నాలుగో రోజుకి బల్ల మీద ఒక వీపు ఉంది. నా మోచేతినుంచి మణికట్టు దాకా ఉంటుంది పొడవు. తల లేదు, కాళ్లు లేవు. మూపు, వీపు వంపు, కుడి భుజం దగ్గర ఒక చిన్న పల్లం.

"కాళ్లు లేవేమిటత్తా?"

"ఈసారి వెళ్లిపోకుండా."

మట్టి ఎండి బీటలు వారకుండా దాని మీద తడిగుడ్డ కప్పి ఉంచేవాళ్లం. నీళ్లు చిలకరించే పని నాది. సాయంత్రాలు కిటికీలోంచి గాలి వస్తే గుడ్డ కాస్త లేచేది, మళ్లీ దిగేది. లేచేది, దిగేది. బెల్టుకి చిల్లులు పొడుస్తూ నేను ఆ లెక్కకే పొడిచేవాణ్ని. అలా పొడిచిన బెల్టుల్లో చిల్లులు సమానంగా పడ్డాయని తర్వాత గమనించాను.

ఇక చట్రం వేట. ముందు బొమ్మల దుకాణానికి వెళ్లాను. ఊగే గుర్రం ఉంది, దాని మీద జీను రంగుతో వేసి ఉంది. అమ్మే అమ్మాయి "మీ బాబుకా అండీ?" అంది. "మా అత్తకి" అన్నాను. ఆ అమ్మాయి లోపలికి వెళ్లి ఇంకొకరిని పంపించింది.

తర్వాత ఫోనులో వెతికాను. ఆశ్చర్యమేమిటంటే, సరదాకి చిన్న చిన్న జీనులు కుట్టేవాళ్లు లోకంలో చాలామందే ఉన్నారు. అందరిదీ ఒకటే ఏడుపు. పలచని తోలు దొరుకుతుంది, సన్న దారం దొరుకుతుంది, ఆవగింజంత మేకులు దొరుకుతాయి. చట్రం మాత్రం దొరకదు. ఒకాయనకి రాస్తే, "నా దగ్గర మూడున్నాయి. మూడూ నాకు కావాలి" అని జవాబిచ్చాడు. ఇంకొకావిడ, "చేసేవాడున్నాడు గానీ కొయ్య ఎండాలంటున్నాడు, రెండేళ్లాగండి" అంది. మా కొయ్య ఎండేలోపు ఏమేం ఎండిపోతాయో ఆవిడకి చెప్పలేదు.

మూడు వారాలకి ఒకచోటినుంచి పొట్లం వచ్చింది. విప్పితే ముచ్చటైన చట్రం. నున్నగా, మెరుస్తూ. అత్త గోటితో కొట్టి చూసింది.

"టిక్కుమంటోంది. కొయ్యయితే టొక్కుమనాలి."

"ఏదో ప్లాస్టిక్కు. అందుకే టిక్కు."

"మేకు దిగితే చాలు, ఏ టిక్కైతేనేం" అని చిన్న సుత్తితో మేకు దింపింది. చట్రం రెండు ముక్కలైంది. అత్త ఆ ముక్కల్ని చేతిలోకి తీసుకోబోతే ఒకటి జారి కింద పడింది. జారినట్టు ఆవిడకి తెలియలేదు. అప్పుడు చూశాను. ఉంగరపు వేళ్లు కూడా పోయాయి.

ఆ మధ్యాహ్నం బల్ల పక్కనే నాకు నిద్రపట్టేసింది. కలలో దుకాణం అరల మీదనుంచి గుర్రాలు దిగుతున్నాయి. పిల్లులంతే ఉన్నాయి. ఒకదాని వెనక ఒకటి, చప్పుడు లేకుండా, దారపు ఉండల మధ్యనుంచి, కత్తెర్ల మధ్యనుంచి నడుచుకుంటూ వచ్చి నా ముందు నిలబడ్డాయి. అన్నిటి వీపులూ బోసిగా ఉన్నాయి. ఏమీ అడగలేదు. ఊరికే చూస్తున్నాయి. చివర్న ఒక బూడిదరంగుది గెంతుతూ వచ్చి, చోటు లేక, నా అరచేతిలోకెక్కి నిలబడింది. బరువు లేదు, వేడి మాత్రం ఉంది. వస్తుందమ్మా, మీ జీను వస్తుంది అని చెప్పబోతే నోట్లోంచి మాట రాలేదు.

"ఏమండీ, లేవండి. ఇన్నాళ్లూ గుర్రు పెట్టేవారు, ఇవాళ సకిలిస్తున్నారు." మా ఆవిడ భుజం పట్టి ఊపుతోంది. "ఊళ్లన్నీ వెతికారు. పక్కవీధిలో అచ్చుల తాతని అడిగారా?"

అడగలేదు. అచ్చుల తాత అంటే బూట్లు కుట్టడానికి కొయ్య పాదాలు చెక్కే ముసలాయన. ఆ కొయ్య పాదాల్ని అచ్చులంటారు. ఆయన కనపడినప్పుడల్లా "తాతా, అచ్చులన్నీ నీ దగ్గరుంటే హల్లులెక్కడ పెట్టావు?" అని అరుస్తాను. ముప్ఫయ్యేళ్లుగా అదే అరుపు. ముప్ఫయ్యేళ్లుగా ఆయనదీ అదే తల ఊపు.

ఆయన గదిలోకి నేనెప్పుడూ వెళ్లలేదు. ఆ రోజు వెళ్లాను. నేలనుంచి కప్పు దాకా అరలు, అరల నిండా పాదాలు. జతలు జతలుగా, వేళ్లన్నీ గదిలోకి తిప్పి. ఒక్కోదాని మడమ మీద పెన్సిలుతో పేరు. అంతమంది నిలబడి ఉన్న గది అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెక్కడా చూడలేదు. నా బూట్ల చప్పుడుకి నాకే సిగ్గేసింది.

"ఎవరిది?" అన్నాడు తాత. ఆయన ఎవరిదో తెలియకుండా ఉలి ముట్టుకోడు.

"పిచ్చుకది. అదొక గుర్రం. యాభై ఏళ్ల కిందటిది. పావు వంతు."

ఇంకెవరైనా అయితే నా మొహం వంక చూసేవారు. తాత కాగితం, పెన్సిలు ఇచ్చి, "గియ్యి" అన్నాడు.

గీశాను. అత్త మట్టి వీపు మీద మెత్తటి సీసపు పట్టీ వంచి తీసిన వంపు నా దగ్గరుంది. దాన్ని కాగితం మీద పెట్టి గీశాను. పలకల పొడవు, కమానుల వెడల్పు, అన్నీ మట్టి మీద కొలిచి తెచ్చినవే. చివరికి మూపు మీద సందు గియ్యాలి. నా రెండు వేళ్లు కాగితం మీద పడుకోబెట్టి, వాటి పైనుంచి కమాను గీత గీశాను. చెయ్యి దానంతటదే వెళ్లింది. నలభై ఏళ్లు మొట్టికాయలు తిన్న చెయ్యి.

పన్నెండు రోజులకి చట్రం వచ్చింది. టొక్కుమంది. అత్త తడిగుడ్డ తీసి మట్టి వీపు మీద దాన్ని నిలబెట్టింది. కళ్లు మూసుకుని కమాను కిందకి తన రెండు వేళ్లు పోనిచ్చింది. సరిగ్గా పట్టాయి.

"రెండు వేళ్లు!" అంది మెరిసిపోతూ.

"రెండు వేళ్లు!" అన్నాను నేను ఛాతీ విరుచుకుని.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని తల పంకిస్తుంటే మా ఆవిడ టీ తెచ్చింది. పళ్లెం బల్ల మీద పెట్టింది. చట్రం వంక చూసింది. నడుం వంచి, కమాను కిందనుంచి అవతల ఉన్న కిటికీని చూసింది.

"ఏమండీ, ఇది జీనా, గొడుగా? దీని కిందనుంచి ఎలుక సకుటుంబంగా వెళ్తుంది."

చూశాను. నిజమే. మూరెడైనా లేని వీపు మీద చట్రం పందిరిలా లేచి ఉంది. గుర్రాన్ని పావు వంతు చేశాను, పలకల్ని పావు వంతు చేశాను, వేళ్లని మాత్రం నిండుగా ఉంచేశాను. ఇద్దరికీ కలిపి తొంభై ఏళ్ల అనుభవం. ఆ అనుభవమే ఇద్దరి కళ్లకీ గంతలు కట్టింది. జీను సంగతి తెలియని మనిషికి ఒక్క చూపుకే కనపడింది.

అత్త ముందు నవ్వింది. పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. "నడిమి వేలు తిమ్మిరెక్కుతోందిరా" అంది. ఎవరమూ టీ తాగలేదు.

తాత తనే వచ్చాడు. గొడుగు చూసి, "గీసినట్టే చేశాను. గీసినవాడు మీవాడేగా?" అన్నాడు.

"మా మేనల్లుడు" అంది అత్త. "నేర్పింది నేనే. ఇద్దర్నీ తిట్టు."

తాత తిట్టలేదు. దించాలంటే పలకలు మిగలవు, కొత్తది చెక్కాలి అన్నాడు. అంత బాగా ఎండిన కొయ్య మళ్లీ దొరకాలంటే రెండు నెలలన్నాడు. అత్త వేళ్ల వంక చూశాడు. వెళ్లి గంట తర్వాత చంకలో ఒక కొయ్య పాదం పెట్టుకుని వచ్చాడు. మడమ మీద పేరు లేదు.

"ఎవరిది తాతా?"

"నాది. పెళ్లికి చెక్కుకున్నాను. ఇప్పుడు పాదాలు వాచాయి, పట్టదు." కత్తి తీసి ఆ కొయ్య బొటనవేలి దగ్గర మొదలుపెట్టాడు. "ఇంతకీ సందు ఎంత వదలాలి?"

"రెండు వేళ్లలో పావు వంతు" అన్నాను. "ఉండండి, స్కేలు తెస్తాను."

"స్కేలుతో ఎప్పుడైనా గుర్రాన్ని కొలిచావట్రా?" అంది అత్త. కుడి చెయ్యి ఎత్తింది. చిటికెన వేలు ఒక్కటీ చాపింది. పని లేక చిక్కిపోయి, అరిగిన పెన్సిలంత ఉంది. మట్టి మూపు మీద దాన్ని అడ్డంగా పడుకోబెట్టింది. "ఇదీ కొలత."

"దానికి తెలియదు కదత్తా, తగిలిందో లేదో."

"దానికి తెలియక్కర్లేదు. నువ్వు చూడు. అది అక్కడ ఉంటే చాలు."

నాలుగు రోజులు అలా సాగింది. తాత చట్రం నిలబెడతాడు. అత్త వేలు పెడుతుంది. నేను మోకాళ్ల మీద కూర్చుని వేలికీ కమానుకీ మధ్య చూస్తాను. "వెలుగు వస్తోంది." తాత పలకల అడుగున ఒక పొర తీస్తాడు. "ఇంకా వస్తోంది." ఇంకో పొర. ఆ పొరలు మా మధ్యన నేల మీద చుట్టలు చుట్టుకుని పడేవి, ఎవరివో చిన్నపిల్లల జుట్టులా. నాలుగో రోజు సాయంత్రం వెలుగు సన్నని దారమైంది, తర్వాత లేదు. "తగిలిందత్తా" అన్నాను. ఆవిడ ఊపిరి వదిలింది. తాత చట్రం తిరగేసి, అడుగున, పెన్సిలుతో పిచ్చుక అని రాశాడు.

తోలు నేను చీరాను. ఎంత పలచగా చీరానంటే దీపం ముందు పెడితే నా వేళ్లు కనపడ్డాయి. కింద మెత్తకి ఊలు బదులు దూది పెట్టాం. కుట్టు మాత్రం అత్తదే. బొటనవేలు, చూపుడు వేలు, ఆ రెండే మిగిలాయి. ఆవిడ కుట్టిన పన్నెండు రోజుల్లో నడిమి వేలు పూర్తిగా వెళ్లిపోయింది. సూది ఎక్కడుందో ఒక్కోసారి నన్ను అడిగేది. "మీ చేతిలోనే ఉందత్తయ్యా" అనేది మా ఆవిడ, నాకంటే ముందు. ఆ పన్నెండు రోజులూ నేను అరిచి మాట్లాడలేదు. దుకాణానికి ఎవరో వచ్చి జీన్సు అడిగితే రెండు వీధుల అవతల మంచి దుకాణం ఉందని మెల్లగా చెప్పి పంపాను. "ఒంట్లో బాగుందా?" అంది మా ఆవిడ.

చివరి కుట్టు పడ్డాక అత్త దారం తెంచలేదు. జీనుని మట్టి వీపు మీద పెట్టి, పొట్ట పట్టీ బిగించినట్టు పైనుంచి అరచేతులతో గట్టిగా నొక్కి, వంద అంకెలు లెక్కపెట్టమంది. లెక్కపెట్టాను. జీను తీసింది. తడి మట్టి అబద్ధం చెప్పదు, ఎక్కడ తగిలితే అక్కడ గీత పడుతుంది. పలకలు ఆనినచోట అటూ ఇటూ నున్నటి రెండు ముద్రలున్నాయి. మూపు మీద తడిగుడ్డ నేత గుర్తు ఒక్కటే ఉంది, అదీ చెక్కుచెదరకుండా.

"చూసి చెప్పు" అంది.

"ఏమీ లేదత్తా. ఒక్క గీత లేదు."

అత్త దారం తెంచింది. జీను మళ్లీ పెట్టింది. కమాను కిందకి చిటికెన వేలు పోనిచ్చి, అలాగే ఉంచి, కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

"వెచ్చగా ఉందిరా."

"ఏమిటి?"

"వీపు."

ఆ వేలికి వేడి తెలిసి ఐదు నెలలైంది. నేను నా వేలు పెట్టి చూద్దామనుకున్నాను. నా చిటికెన వేలు కూడా నాలాగే బలిసింది, పట్టలేదు. మా ఆవిడ నన్ను పక్కకి జరిపి తన వేలు పెట్టింది. ఆవిడ మొహం చూశాను. వేలు తీసి లోపలికి వెళ్లింది.

వచ్చేటప్పుడు చిన్న గిన్నెతో నీళ్లు తెచ్చింది. దాన్ని బల్ల మీద, ఆ వీపుకి తల ఉండాల్సిన వైపున పెట్టి, మూతి అందేలా కాస్త దగ్గరికి జరిపింది.